పదేళ్ల బాబుకు క్రేనియోఫారింజియోమా: క్యాన్సర్ కాదంటున్నారు, మరి జీవితాంతం మందులెందుకు?

ప్రశ్న: కరీంనగర్_నాన్న

అందరికీ నమస్కారం. మా బాబుకు పదేళ్లు, ఐదో తరగతి. మూడు నెలలుగా పొద్దున లేవగానే తలనొప్పి, వాంతి. కడుపులో నులిపురుగులని ఒకసారి, గ్యాసని ఒకసారి మందులు వాడాం. బడికి వెళ్లడం ఇష్టంలేక వేషాలు వేస్తున్నాడని నేను ఒకరోజు గట్టిగా కోప్పడ్డాను కూడా. చివరికి కళ్లజోడు కోసం తీసుకెళ్తే, అక్కడి డాక్టరు కంటి లోపల చూసి, నరం వాచింది, ఈరోజే తలకు స్కాన్ తీయించండి అన్నారు.

ఎం.ఆర్.ఐ.లో మూడున్నర సెంటీమీటర్ల గడ్డ, అందులో నీటితిత్తి. సీటీ స్కాన్‌లో సున్నంలా తెల్లటి ముద్దలు. పేరు క్రేనియోఫారింజియోమా అన్నారు. ఆ పేరు పలకడానికే నాకు రెండు రోజులు పట్టింది.

క్యాన్సర్ కాదని సర్జన్ గారు స్పష్టంగా చెప్పారు. ఆ మాటకు ఇంట్లో అందరం ఊపిరి పీల్చుకున్నాం. ఆ వెంటనే ఆయనే, ఆపరేషన్ తర్వాత జీవితాంతం హార్మోన్ మాత్రలు వాడాల్సి రావచ్చు, బరువు పెరగవచ్చు, గడ్డ మళ్లీ రావచ్చు అన్నారు. మొత్తం తీసేయడమా, కొంత తీసి మిగిలినదానికి రేడియేషన్ ఇవ్వడమా అనేది లోపల చూశాకే తేలుతుందట. క్యాన్సర్ కానప్పుడు మొత్తం తీసేస్తే పోతుంది కదా? ఇంట్లో ఇలాంటి పిల్లలను చూసుకున్నవారు ఎవరైనా ఉంటే చెప్పండి. ఆపరేషన్‌కు పది రోజులే ఉంది.


జవాబు: కొలతల_పుస్తకం

తమ్ముడూ, ముందు ఆ కోప్పడిన సంగతి వదిలెయ్యి. నేను బట్టలు కుట్టేదాన్ని. తెనాలిలో మా ఇంటి వరండాలోనే మిషను. పిల్లల కొలతలు తీసి రాసుకోవడమే నా పని. నా కూతురిదీ ఇదే గడ్డ. ఆ జబ్బు నా పుస్తకంలోనే రెండేళ్లు రాసి ఉన్నా నేను చదవలేకపోయాను.

ఏటా జూన్‌లో బడి బట్టలు కుడతాను. ఎదిగే పిల్లలు కాబట్టి గౌను అంచు లోపల రెండు అంగుళాల మడత వదులుతాం, మరుసటి ఏడు విప్పి దింపుకోవచ్చని. 2016 జూన్‌లో మా పాప గౌను పొడవు 26 అంగుళాలు. 2017 జూన్‌లో టేపు పెడితే మళ్లీ 26. మడత విప్పే పని రాలేదు. బట్ట కలిసొచ్చిందని సంబరపడ్డాను. ఆ ఏడే పాప నడుస్తూ నడుస్తూ గుమ్మాలకు భుజం తగిలించుకోవడం మొదలుపెట్టింది. ‘చూసుకుని నడవవే’ అని నేనూ వందసార్లు కసిరి ఉంటాను. కళ్లు బాగాలేవేమో అనుకుందామంటే, నా సూదిలోకి దారం ఎక్కించి ఇచ్చేది తనే. సూదిబెజ్జం కనిపించే పిల్లకు గుమ్మం కనిపించకపోవడం ఏమిటి అనుకున్నాను. ఒకచోట కళ్లజోడు కూడా రాసిచ్చారు. అసలు సంగతి 2018 ఫిబ్రవరిలో తెలిసింది. ఎదురుగా ఉన్నది చక్కగా కనబడుతుంది, కుడిపక్కన కుడికంటికి, ఎడమపక్కన ఎడమకంటికి చూపు పోయింది. గుర్రానికి గంతలు కట్టినట్టు.

ఎందుకలాగో మా డాక్టరుగారు బొమ్మ గీసి చెప్పారు. రెండు కళ్ల నరాలు మెదడు అడుగున ఒకచోట కలిసి అడ్డంగా దాటుకుంటాయి. దాని కిందనే శనగగింజంత పిట్యూటరీ గ్రంథి. ఎదగడం, రజస్వల కావడం, ఒంట్లో నీటి లెక్క, జ్వరం వస్తే తట్టుకునే శక్తి, ఇవన్నీ దాని చేతిలో ఉంటాయి. దానిపైన హైపోథాలమస్. ఆకలి, నిద్ర అక్కడ. ఈ మూడింటి మధ్యన ఇరుక్కుని పెరిగే గడ్డ ఇది. బిడ్డ కడుపులో ఉండగా పిట్యూటరీ తయారైనప్పుడు మిగిలిపోయిన కణాల నుంచి పుడుతుందట. గుడ్డ కత్తిరించాక మిషను కింద పీలికలు మిగలవూ, అలాగ. మనం పెట్టిన తిండి వల్లనో, ఫోను చూడటం వల్లనో వచ్చింది కాదు. ఏడాదికి పది లక్షలమందిలో ఒకరికో ఇద్దరికో వచ్చే జబ్బు. మీ ఊళ్లో ఎవరికీ తెలియకపోయినా వింత లేదు.

ఇక నీ ప్రశ్న, మొత్తం తీసేస్తే పోతుంది కదా అని. చొక్కా కాలరులో బక్రం వేసి ఇస్త్రీ చేస్తే గుడ్డకు ఎలా అతుక్కుంటుందో చూశావా? గట్టిగా లాగితే బక్రం ఊడి వస్తుంది, దానితో గుడ్డ పోగులూ వస్తాయి. ఈ గడ్డ చాలామంది పిల్లల్లో హైపోథాలమస్‌కు, కంటి నరాలకు అలాగే అతుక్కుని ఉంటుంది. అక్కడి పోగు ఒకటి తెగినా పిల్లవాడి చూపో, ఆకలి మీద అదుపో పోతుంది. అందుకే తెలిసిన సర్జన్ అతుక్కున్న ముక్కను వదిలేసి బయటికి వస్తారు. ‘ఎందుకు వదిలారు’ అని నేను మా సర్జన్ గారితో పోట్లాడాను. ఆయన ఓపిగ్గా, ‘అమ్మా, ఆ ముక్క తీసి ఉంటే మీ అమ్మాయి రేపు మిమ్మల్ని చూడలేకపోయేది’ అన్నారు. ఆ రోజు అర్థం కాలేదు, ఇప్పుడు ఆయనకు దండం పెడతాను.

వదిలిన ముక్క ఊరుకోలేదు. 2020లో తిత్తి మళ్లీ నీరు పట్టింది. హైదరాబాద్‌లో ఆరు వారాలు, 30 సార్లు రేడియేషన్, మొత్తం 54 గ్రే (రేడియేషన్ కొలత అది). కూకట్‌పల్లిలో మా ఆడపడుచు ఇంట్లో ఉన్నాం. ముఖానికి వల లాంటి తొడుగు వేసి బల్లకు బిగిస్తారు. పాప మొదటిరోజు ఏడ్చింది, నాలుగోరోజు నుంచి అందులోనే నిద్రపోయేది. ఐదేళ్లయింది, ఆ ముక్క అంతే ఉంది. ఏడాదికోసారి ఎం.ఆర్.ఐ., కళ్ల పక్కచూపు పరీక్ష తప్పవు.

ఆపరేషన్ ఒక్క రోజు పని తమ్ముడూ. ఆ తర్వాతిదే మన పని. కొంచెం వివరంగా చెబుతాను, ఓపికగా చదువు.

మొదటిది నీరు. ఆపరేషన్ అయిన మర్నాడు పాపకు మూత్రం ఆగకుండా పోయింది. బకెట్టు నిండింది. మూత్రాన్ని నిలిపే హార్మోను ఆగిపోవడం వల్ల అది. డయాబెటిస్ ఇన్సిపిడస్ అన్నారు. చక్కెరకు దీనికి ఏ సంబంధమూ లేదు. కానీ ఆ ‘డయాబెటిస్’ అనే మాట ఒకటి చాలు! మా వీధిలో ‘అంత చిన్నపిల్లకు షుగరా’ అని పాప చేతిలో లడ్డు లాక్కున్నవాళ్లున్నారు. వీధివాళ్లను అనడానికేముంది, ఒక ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరు కూడా వేలు గుచ్చి చక్కెర చూసి, ‘బాగానే ఉందిగా, ఈ మందు ఎందుకు’ అని పక్కన పెట్టారు. ఈ గందరగోళం వల్లనే 2022లో దాని పేరే మార్చారట, ఆర్జినిన్ వాసోప్రెసిన్ లోపం అని. నువ్వు రెండు పేర్లూ కాగితం మీద రాసి పెట్టుకో. దీనికి మందు డెస్మోప్రెసిన్. ముక్కులో కొట్టుకునేదీ ఉంది, మాత్రా ఉంది. జలుబు చేస్తే ముక్కు మందు సరిగా లోపలికి వెళ్లదు, అందుకని మాత్రలు కూడా ఇంట్లో ఉంచుతాను. నీళ్లు మాత్రం ఎంత తాగితే అంత మంచిది, సీసా ఎప్పుడూ పక్కనే ఉండాలి.

రెండోది హైడ్రోకార్టిసోన్. అన్నింట్లోకీ ఇది ముఖ్యం. మామూలుగా మన ఒళ్లు జ్వరం వచ్చినా దెబ్బ తగిలినా తనంతట తాను కార్టిసాల్ అనే హార్మోను ఎక్కువ వదులుతుంది. మన పిల్లలకు అది లేదు, మనమే ఇవ్వాలి. జ్వరం వస్తే మాత్ర మోతాదు పెంచాలి. వాంతులై మాత్ర కడుపులో నిలవకపోతే ఇంజక్షన్ వేయాలి, వేసి ఆసుపత్రికి పరుగెత్తాలి. ఎంత మోతాదు అనేది పిల్లవాడి బరువును బట్టి మీ హార్మోన్ల డాక్టరు రాసిస్తారు, నేను ఇక్కడ అంకెలు రాయను. డిశ్చార్జి కాగితంతో పాటు అది కూడా రాయించుకోకుండా ఆసుపత్రి గుమ్మం దాటకు.

మేము రేపల్లెలో పెళ్లికి వెళ్లాం ఒకసారి. తెల్లవారుజామున ముహూర్తం. పాపకు రెండు వాంతులయ్యాయి. విందు భోజనం పడలేదులే, నిమ్మరసం ఇవ్వండి అంటున్నారు అందరూ. నాకు పాప చెయ్యి చల్లగా తగిలింది, పిలిస్తే సగం మాటే పలికింది. సంచిలోంచి హైడ్రోకార్టిసోన్ ఇంజక్షన్ సీసా తీశాను. ఆ పొడిలో నీళ్లు కలిపి, ఊపి, సిరంజిలోకి లాగి తొడకు గుచ్చాలి. నేర్చుకునేటప్పుడు నర్సమ్మ నారింజపండు మీద పదిసార్లు చేయించింది. పెళ్లివారి గదిలో, పట్టుచీర కొంగు పళ్లతో కరిచిపట్టుకుని, చేతులు వణకకుండా చేశాను. బాపట్ల ఆసుపత్రికి చేరేసరికి పాప లేచి కూర్చుంది. ఈ ఇంజక్షన్ నువ్వూ నేర్చుకో, మీ ఆవిడా నేర్చుకోవాలి. ఒక్కరికే వస్తే చాలదు.

మూడోది బరువు. దీని గురించి డాక్టర్లు మెల్లగా చెబుతారు, నేను సూటిగా చెబుతాను. ఆపరేషన్ అయిన ఏడాదిలో పాప నడుము ఏడు అంగుళాలు పెరిగింది. అప్పుడు ఇక మడతలు కాదు, పక్క కుట్లు విప్పి వెడల్పు పట్టీలు వేయాల్సి వచ్చింది. తింటుందని మాత్రమే కాదు, తిన్నది ఖర్చు కాదు, కడుపు నిండిందన్న కబురు మెదడుకు అందదు. హైపోథాలమస్ దెబ్బతింటే అంతే. మా అత్తగారు అన్నం గిన్నె దాచేవారు. రాత్రిపూట వంటింట్లో పిల్ల పచ్చి అటుకులు తింటూ దొరికింది. ఆ తర్వాత ఇంట్లో తిండి గురించి తిట్టడం మానేశాం. అందరం ఒకే తిండి తింటాం, తీపి పదార్థాలు ఇంట్లో ఉంచం, సాయంత్రం నేనూ పాపతో నడుస్తాను. పెరగడం ఆగింది, తగ్గడం మాత్రం కొద్దిగానే. బడిలో వెక్కిరించినవాళ్ల ఇళ్లకు వెళ్లి చెప్పి వచ్చాను. అందులో ఇద్దరి బట్టలు నేనే కుడతాను కాబట్టి మర్యాదగానే విన్నారు.

ఎదుగుదల ఇంజక్షన్ గడ్డ కదలకుండా ఉందని చూసుకున్నాకే మొదలుపెడతారు. రోజూ రాత్రి వేయాలి, మందు ఫ్రిజ్‌లో ఉంచాలి. వేసవిలో కరెంటు పోయినప్పుడు ఐసు వేసిన థర్మాస్ అడుగున గుడ్డ చుట్టి పెట్టేదాన్ని, మందు ఐసుకు ఆనకూడదు. ఖర్చు మాత్రం చాలా ఎక్కువ. ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో అయింది కానీ ఆ తర్వాత నెలనెలా మందులకు నా మిషనే దిక్కు.

పాపకు ఇప్పుడు పదిహేడు. ఇంటర్ రెండో ఏడు.


జవాబు: వార్డు_సిస్టర్

కొలతల పుస్తకం గారు చెప్పినదానికి చేతులెత్తి నమస్కరిస్తూనే ఒక్క మాట సరిదిద్దాలి. నేను పిల్లల హార్మోన్ల విభాగంలో పద్నాలుగేళ్లుగా నర్సును.

డెస్మోప్రెసిన్ వాడుతున్న పిల్లలకు ‘ఎంత తాగితే అంత మంచిది’ అనడం తప్పు. ఆ మందు పనిచేస్తున్నంతసేపు మూత్రం పెద్దగా బయటికి పోదు. అప్పుడు బలవంతంగా నీళ్లు తాగిస్తే నీరు ఒంట్లోనే నిలిచి రక్తంలో సోడియం పడిపోతుంది. 135 నుంచి 145 వరకు ఉండాల్సింది 120కి దిగితే ఫిట్స్ రావచ్చు. దాహం తెలిసే పిల్లవాడైతే దాహం వేసినంతే తాగాలి. దాహమే తెలియని పిల్లలు కొందరుంటారు, వాళ్లకు రోజుకు ఎన్ని మిల్లీలీటర్లో డాక్టరు లెక్క రాసిస్తారు, రోజూ ఒకే వేళకు బరువు చూడాలి. రోజులో ఒకసారైనా మందు ప్రభావం తగ్గి మూత్రం ధారాళంగా వచ్చాకే తర్వాతి మోతాదు ఇవ్వమని మేము చెబుతాం.

నాన్నగారూ, ఆపరేషన్ తర్వాత మొదటి రెండు వారాలు ఒక చిత్రం జరగవచ్చు. ముందు రెండుమూడు రోజులు మూత్రం వరదలా పోతుంది. తర్వాత హఠాత్తుగా తగ్గిపోతుంది. ఇంటివాళ్లు తగ్గిపోయిందని సంతోషిస్తారు. నిజానికి దెబ్బతిన్న చోట నిల్వ ఉన్న హార్మోను ఒక్కసారిగా కారిపోవడం వల్ల అది. ఆ రోజుల్లోనే సోడియం పడిపోతుంది. అది అయ్యాక మళ్లీ వరద మొదలై, చాలామందిలో అదే శాశ్వతంగా ఉండిపోతుంది. రోజుకు ఇన్నిసార్లు రక్తం ఎందుకు తీస్తున్నారని మమ్మల్ని కోప్పడేవాళ్లు ఎక్కువ. ఇందుకే తీస్తాం.

ఇంకొకటి. థైరాయిడ్ మాత్ర, హైడ్రోకార్టిసోన్ రెండూ అవసరమని తేలితే హైడ్రోకార్టిసోన్ ముందు మొదలుకావాలి. కార్టిసాల్ లేని ఒంటికి థైరాయిడ్ మాత్ర ముందు ఇస్తే ప్రమాదం. ఊళ్లో ఎవరైనా థైరాయిడ్ రిపోర్టు ఒక్కటే చూసి మాత్ర రాస్తే వేయకండి, ముందు మీ డాక్టరుకు ఫోను చేయండి.


జవాబు: కొలతల_పుస్తకం

సిస్టర్ గారూ, మీరన్నదే సరి. మా పాపకు దాహం తెలుస్తుంది కాబట్టి నాకు ఆ తేడా తట్టలేదు. పై జవాబులో నీళ్ల మాట ఎవరూ పట్టించుకోకండి, సిస్టర్ గారు చెప్పినట్టే చేయండి.


జవాబు: విశాఖ_కాకా

నాకు ఇదే గడ్డ 54వ ఏట వచ్చింది. పిల్లల్లో 5 నుంచి 14 ఏళ్ల మధ్య, మళ్లీ 50 దాటాక ఎక్కువ కనిపిస్తుందట. నాది పెద్దల్లో వచ్చే పాపిల్లరీ రకం, సున్నం ఉండదు. ముక్కులోంచి గొట్టం పెట్టి తీశారు. తలకు కుట్టు లేదు, గుండు లేదు. నెలరోజులు ముక్కు చీదకూడదు, వంగి బరువులెత్తకూడదు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి. ముక్కులోంచి నీళ్లలా ఉప్పగా కారితే జలుబనుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, అది మెదడు చుట్టూ ఉండే నీరు కావచ్చు.

పెద్దవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక మాట. తీసిన ముక్కకు బీరాఫ్ అనే జన్యువులో మార్పు ఉందేమో పరీక్ష చేయించమని అడగండి. పాపిల్లరీ రకంలో దాదాపు అందరికీ ఆ మార్పు ఉంటుంది. 2023లో అమెరికాలో 16 మందికి వెమురాఫెనిబ్, కోబిమెటినిబ్ అనే రెండు మందులు ఇస్తే 15 మందికి గడ్డ బాగా కుంచించుకుపోయింది. పిల్లల్లో వచ్చే రకానికి ఆ మార్పు ఉండదు కాబట్టి కరీంనగర్ తమ్ముడికి ఇది పనికిరాదు. తమ్ముడూ, మీ బాబుకు రేడియేషన్ మాట వస్తే మాత్రం ప్రోటాన్ రేడియేషన్ గురించి కూడా అడిగి చూడండి. చుట్టుపక్కల మెదడుకు తక్కువ తగులుతుందని పిల్లలకు దాన్ని ఇష్టపడతారు. చెన్నైలో 2019 నుంచి ఉంది, ముంబయి దగ్గర ఖార్ఘర్‌లో టాటా మెమోరియల్ వారి దగ్గరా ఉంది.


జవాబు: పసరువైద్యం_ప్రియుడు

కత్తి పెట్టకముందు ఒక నెల రోజులు ఆకుపసరు వాడి చూడండి. మా బావమరిది తలలో గడ్డ కరిగిపోయింది.


జవాబు: కొలతల_పుస్తకం

అన్నగారూ, మీ బావమరిదికి ఏ గడ్డో మీరు రాయలేదు. ఈ పిల్లవాడికి కంటినరం వాచి ఉంది, పొద్దున్నే వాంతులవుతున్నాయి. అంటే తలలో ఒత్తిడి పెరిగింది. నెల రోజులు ఆగితే పోయిన చూపు ఆ తర్వాత ఎవరు ఏం చేసినా తిరిగి రాకపోవచ్చు. మా పాపకు నేను పోగొట్టిన రెండేళ్లలో పోయిన పక్కచూపు ఇప్పటికీ రాలేదు. రోడ్డు దాటేటప్పుడు ఇప్పటికీ తల పూర్తిగా అటూ ఇటూ తిప్పి చూస్తుంది.


జవాబు: కరీంనగర్_నాన్న

అందరికీ దండాలు. నిన్న మీ జవాబులన్నీ కాగితం మీద రాసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లాను. అతుక్కుని ఉంటే వదిలేయమని నేనే చెప్పాను. ఆయన నా ముఖం వంక చూసి, ఎవరు చెప్పారు అని అడిగారు. తెనాలిలో మా అక్క అన్నాను. హార్మోన్ల పరీక్షలు ఆపరేషన్‌కు ముందే పూర్తి చేస్తున్నారు, కార్టిసాల్ తక్కువ ఉందని మందు మొదలుపెట్టారు. బాబుకు ఇవాళ వాంతి కాలేదు. నారింజపండ్లు కొన్నాను, నేనూ మా ఆవిడా రాత్రి సాధన చేస్తున్నాం. బాబుకు అదంతా ఆటలాగే ఉంది, మిగిలిన పండ్లు వాడే తింటున్నాడు.

అక్కా, ఒకటే భయం. బడిలో ఏమైనా అయితే అక్కడున్నవాళ్లకు ఎలా తెలుస్తుంది? మెడలో కార్డు వేస్తే వీడు ఒక్కరోజులో పారేస్తాడు.


జవాబు: కొలతల_పుస్తకం

కార్డు మా పాప కూడా పారేసింది, మూడు. అప్పటి నుంచి చొక్కాకే కుడుతున్నాను. తెల్ల కాటన్ నాడా, ఒకటిన్నర అంగుళం వెడల్పు, మూడు అంగుళాల పొడవు తీసుకో. ఎర్రదారంతో మూడు వరసలు కుట్టించు. పై వరసలో ‘హైడ్రోకార్టిసోన్ ఇంజక్షన్ వెంటనే అవసరం’, కింద ‘షుగర్ జబ్బు కాదు’, ఆ కింద నీ ఫోను నంబరు. తెలుగులో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి. కాలరు లోపల కుట్టు, బయటికి కనిపించదు, పిల్లవాడికి సిగ్గు ఉండదు. అది అక్కడుందని క్లాసు టీచరుకు, ఆటల మాస్టారుకు చూపించి రా. ఇంజక్షన్ సీసాకు బడిసంచి లోపలి వైపు మూత ఉన్న జేబు వేయించు, సంచి ఎండలో పెట్టవద్దని చెప్పు.

నైలాన్ దారం మాత్రం వాడనివ్వకు, మెడ గీరుకుని వాడే పీకేస్తాడు. మీ ఊళ్లో ఎవరూ సరిగా కుట్టకపోతే కొలతలు పంపు, నేను కుట్టి పోస్టులో వేస్తాను. మెడ కొలత ఆపరేషన్ అయ్యాక తియ్యి, ఇప్పుడు కాదు.